ఈఈఈ ఫైనలియర్: గేటా, ఎంఎస్సా? ముందు ఏది తేల్చుకోవాలి?

లింగంపల్లి_ఈఈఈ | జూన్ 28, రాత్రి 10:40

అందరికీ నమస్తే. నేను జేఎన్‌టీయూహెచ్ అనుబంధ కాలేజీలో ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్) చదువుతున్నాను. 3-2 (మూడో ఏడాది రెండో సెమిస్టర్) పరీక్షలు మొన్ననే అయిపోయాయి. సీజీపీఏ 7.6. 2-1లో మ్యాథ్స్ బ్యాక్‌లాగ్ ఒకటి పడింది, సప్లీలో క్లియర్ చేశాను.

ఇంట్లో రోజూ ఇదే చర్చ. నాన్న గేట్ (ఎంటెక్ ప్రవేశ పరీక్ష) రాయమంటున్నారు. మంచి స్కోరొస్తే ఎంటెక్, లేదంటే పవర్‌గ్రిడ్, ఎన్టీపీసీ లాంటి వాటిలో ఉద్యోగం అని ఆయన ఆలోచన. అమెరికాలో ఉండే మామయ్య ఎంఎస్‌కు వచ్చేయమంటున్నారు. పోయిన శనివారం అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీకి వెళ్లాం. అరగంటలో ఎనిమిది యూనివర్సిటీల లిస్టు చేతిలో పెట్టారు. ఎస్‌ఓపీ (ఆ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నామో చెప్పే వ్యాసం), ఎల్‌ఓఆర్‌లు (సార్లు ఇచ్చే సిఫార్సు ఉత్తరాలు) అన్నీ వాళ్లే రాసిస్తారట, ఫీజు కూడా లేదట. వారంలోపు చెప్పమన్నారు. నాకు ఏ సబ్జెక్టు ఇష్టమో మాత్రం ఎవరూ అడగలేదు.

నాకు పవర్ ఎలక్ట్రానిక్స్ (కరెంటును కావాల్సిన వోల్టేజీకి, రూపానికి మార్చే సర్క్యూట్ల సబ్జెక్టు) ఇష్టం. గేట్‌కీ ఎంఎస్‌కీ ఒకేసారి ప్రిపేర్ అవ్వొచ్చా? ముందు ఏది మొదలుపెట్టాలి?

రెండో_గేట్ | జూన్ 28, రాత్రి 11:15

రెండూ ఒకేసారి అంటే చాలా కష్టం. గేట్ ఈఈ పేపర్లో 100 మార్కులకు ఆప్టిట్యూడ్ 15, మ్యాథ్స్ 13 పోను మిగతా 72 సబ్జెక్టుదే. సర్క్యూట్స్, ఫీల్డ్స్, సిగ్నల్స్, మెషీన్స్, పవర్ సిస్టమ్స్, కంట్రోల్ సిస్టమ్స్, మెజర్‌మెంట్స్, అనలాగ్, డిజిటల్, పవర్ ఎలక్ట్రానిక్స్... ఇన్నీ. పైగా కాలేజీలో నేర్చుకున్న పద్ధతి అక్కడ పనికిరాదు. మన సెమ్ పరీక్షల్లో డెరివేషన్ రాస్తే మార్కులు పడతాయి. ఇక్కడ నంబరు కొట్టాలి, 65 ప్రశ్నలు, 3 గంటలు. ఒక్క ఆప్షనే సరైనదయ్యే ప్రశ్నలకే నెగెటివ్ ఉంటుంది. ఒకటికంటే ఎక్కువ సరైన జవాబులు ఉండగల ప్రశ్నలకూ, నంబరు టైప్ చేసే ప్రశ్నలకూ నెగెటివ్ లేదు కాబట్టి వాటిని వదలొద్దు.

ఒక మంచి విషయం, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. అమ్మాయిలకు అప్లికేషన్ ఫీజు కూడా సగమే. కాబట్టి రాయడం రాయండి. ఎంఎస్ పేరు చెప్పి గేట్ వదిలేయొద్దు.

ఈసీఐఎల్_అన్న | జూన్ 29, ఉదయం 7:05

చెల్లె, ముందుగాల ఆ కన్సల్టెన్సీ ముచ్చట పక్కన పెట్టు. నీ దగ్గర ఫీజు తీసుకోకపోతే వాళ్లకు పైసలు ఇంకెక్కడికెల్లో రావాలె కద. యూనివర్సిటీలల్ల కొన్ని ఏజెంట్లకు కమీషన్ ఇస్తయి, కొన్ని ఇయ్యవు. ఇయ్యనిది నీకు ఎంత పనికొచ్చేదైనా ఆ లిస్టుల కనబడదు.

పవర్ ఎలక్ట్రానిక్స్ అంటున్నవ్ కద. ఆ ఎనిమిదింట్ల వర్జీనియా టెక్ ఉన్నదా? నార్త్ కరోలినా స్టేట్ ఉన్నదా? విస్కాన్సిన్ మాడిసన్ ఉన్నదా? వర్జీనియా టెక్‌ల సీపీఈఎస్ అని సెంటర్ ఉన్నది. నార్త్ కరోలినాల ఫ్రీడమ్ సెంటర్. విస్కాన్సిన్‌ల వెమ్పెక్ అయితే 1981 నుంచి మోటార్ల మీద, కన్వర్టర్ల మీదనే పనిజేస్తున్నది. ఈ లైన్ల ఉన్నోళ్లకు ముందుగాల నోట్లెకొచ్చే పేర్లు ఇవే. నీకు సీటొస్తదా రాదా అన్నది తర్వాత సంగతి. లిస్టు రాసినాయన ఇవి ఒక్కటి కూడ రాయలేదంటే నీ సబ్జెక్టు సూసి రాయలేదన్నట్టే.

నేను ఎంఎస్ చేసి తిరిగొచ్చిన. ఇప్పుడు ఈవీ చార్జర్లు తయారుజేసే కాడ పనిజేస్తున్న. గేటా ఎంఎస్సా అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఏ ల్యాబుల కూసోవాలని ఉన్నది, దాని సంగతి చెప్పు. పరీక్ష దాని ఎన్కనే వస్తది.

మోడరేటర్ | జూన్ 29, ఉదయం 8:30

కన్సల్టెన్సీల పేర్లు, ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టకండి. పద్ధతుల గురించి ఎంతైనా రాయవచ్చు.

లింగంపల్లి_ఈఈఈ | జూన్ 29, ఉదయం 9:12

అన్నా, మీరు చెప్పినవాటిలో ఒక్కటి కూడా ఆ లిస్టులో లేదు. ల్యాబ్ అంటే ఎలా వెతకాలో కూడా తెలియదు. మన దేశంలో అయితే ఐఐటీ వస్తే చాలు అనుకున్నాను, లోపల తేడాలుంటాయని ఆలోచించలేదు.

కంది_ఎంటెక్ | జూన్ 29, మధ్యాహ్నం 1:50

లోపల తేడాలు చాలా ఉన్నాయి, అసలు తేల్చుకోవాల్సింది అక్కడే. నేను ఐఐటీ హైదరాబాద్‌లో ఉన్నాను కాబట్టి నాకు తెలిసినంత వివరంగా రాస్తాను.

మా దగ్గర ఈఈలో పవర్ ఎలక్ట్రానిక్స్, పవర్ సిస్టమ్స్ కలిపి ఒక ఎంటెక్ ఉంది. అందులో రెండు రకాలు. టీఏ (టీచింగ్ అసిస్టెంట్) అంటే రెండేళ్లు. కోర్సులు ఎక్కువ, వారానికి కొన్ని గంటలు బీటెక్ వాళ్ల ల్యాబులూ పేపర్లూ చూడాలి. ఆర్ఏ (రీసెర్చ్ అసిస్టెంట్) అంటే మూడేళ్లు. ఒక ప్రొఫెసర్ దగ్గర చేరి ఆయన ప్రాజెక్టులో పనిచేస్తూ చదవాలి. ఆర్ఏకు గేట్ స్కోరు షార్ట్‌లిస్ట్ వరకే పనికొస్తుంది, తర్వాత ఇంటర్వ్యూ. బెంగళూరు ఐఐఎస్సీలో ఎంటెక్ రీసెర్చ్, మద్రాస్ ఐఐటీలో ఎంఎస్ అనేవి కూడా ఇదే దారి. పేరులో ఎంఎస్ ఉన్నా అది మన దేశపు కోర్సే, రీసెర్చ్ డిగ్రీ. వీటికి అప్లికేషన్ విడిగా పెట్టాలి. గేట్ స్కోరొచ్చాక ఎవరో పిలుస్తారని కూర్చుంటే గడువు దాటిపోతుంది.

మామూలు ఎంటెక్ అయితే ఐఐటీల ఆఫర్లన్నీ కోప్ అనే పోర్టల్లో కనబడతాయి. అయితే ముందు ఒక్కో ఐఐటీకి విడివిడిగా అప్లై చేసి ఉండాలి. కోప్‌లో రిజిస్టర్ అయితే చాలనుకుని ఏటా ఎందరో సీటు పోగొట్టుకుంటారు. ఎన్ఐటీలకు సీసీఎంటీ కౌన్సెలింగ్. వరంగల్ ఎన్ఐటీలో పవర్ ఎలక్ట్రానిక్స్ అండ్ డ్రైవ్స్ అని ప్రత్యేకంగా ఎంటెక్ ఉంది, దాన్ని తక్కువగా చూడకండి. మన రాష్ట్రంలోని కాలేజీలకు పీజీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష ఉంది, అక్కడ కూడా ముందు గేట్ వాళ్లకే సీట్లిస్తారు.

గేట్‌తో చేరినవాళ్లకు నెలకు 12,400 స్టైపెండ్. హాస్టల్, మెస్ వరకు సరిపోతుంది. పీహెచ్‌డీ అయితే 2023 నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000.

ఇంటర్వ్యూ సంగతి ఒకటి చెప్తాను. బోర్డు దగ్గరికి పిలిచి బూస్ట్ కన్వర్టర్ (వోల్టేజీని పెంచే సర్క్యూట్) గీయమంటారు. ఇండక్టర్ కరెంటు ఎలా ఉంటుందో వేయమంటారు. అవుట్‌పుట్ వోల్టేజీ, ఇన్‌పుట్‌ను ఒకటి మైనస్ డ్యూటీతో (డ్యూటీ అంటే మొత్తం సమయంలో స్విచ్ ఆన్‌లో ఉండే వంతు) భాగిస్తే వస్తుందని అందరూ చెప్తారు. వెంటనే "మరి డ్యూటీని ఒకటి చేస్తే అనంతమైన వోల్టేజీ రావాలి కదా, వస్తుందా?" అని అడుగుతారు. ఫార్ములా బట్టీ పట్టినవాళ్లు అక్కడ ఆగిపోతారు. స్విచ్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటే ఇండక్టర్‌లో కరెంటు పెరుగుతూనే ఉంటుంది, లోడుకు ఏమీ పోదు, కెపాసిటర్ ఖాళీ అయి అవుట్‌పుట్ సున్నాకు పడిపోతుంది. ఒక్కసారి చేత్తో కట్టిన అమ్మాయికి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు.

సరూర్‌నగర్_నాన్న | జూన్ 29, సాయంత్రం 6:20

తల్లీ, నేను నీ వైపు కాదు, మీ నాన్న వైపు నుంచి రాస్తున్నాను. మా అబ్బాయిని నిరుడు పంపించాం. మీ నాన్న గేట్ అంటున్నది నీ మీద నమ్మకం లేక అనుకోకు, లెక్క చూసుకుని అంటున్నారు.

40 లక్షల లోను అనుకుందాం, వడ్డీ 10 శాతం. మొత్తం విడుదలయ్యాక ఏడాదికి వడ్డీయే 4 లక్షలు, అంటే నెలకు 33,000 పైమాట. సెమిస్టర్ వారీగా ఇస్తారు కాబట్టి మొదట్లో తక్కువే ఉంటుంది. చదువు అయ్యేదాకా కట్టనక్కర్లేదని బ్యాంకులో చెప్తారు. నిజమే, కానీ వడ్డీ లెక్కలో పడుతూనే ఉంటుంది. వీలైతే అప్పటినుంచే వడ్డీ వరకు కట్టుకుంటూ పోవడం మేలు. చదువు లోను వడ్డీకి ఎనిమిదేళ్ల వరకు పన్ను మినహాయింపు ఉంది, పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. ఇల్లో స్థలమో తాకట్టు పెడితే ప్రభుత్వ బ్యాంకుల్లో వడ్డీ తగ్గుతుంది. అయితే లింకు డాక్యుమెంట్లు, లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్ అన్నీ కావాలి. గ్రామకంఠం స్థలాలకు, డాక్యుమెంట్లలో లింకు తెగిన వాటికి ఇబ్బంది పడ్డవాళ్లను చూశాను. అడ్మిషన్ వచ్చాక కాదు, ఇప్పుడే కాగితాలు తీసి చూసుకోమనండి.

ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వ విదేశీ విద్యానిధి పథకాలున్నాయి, 20 లక్షల వరకు ఇస్తారు. ఆదాయ పరిమితి ఉంటుంది, ఎంపిక ఉంటుంది. వస్తుందన్న ధైర్యంతో మాత్రం ప్రయాణం పెట్టుకోవద్దు.

ఈసీఐఎల్_అన్న | జూన్ 29, రాత్రి 9:40

అంకుల్ చెప్పింది నూటికి నూరుపాళ్లు. దాని మీద ఒక్క మాట కలుపుత. అమెరికాల ఎంఎస్‌కు ఫండింగ్ దొరుకుడు కష్టం, చేరినంక ఆర్ఏనో టీఏనో వస్తే అదృష్టం. పీహెచ్‌డీకి మాత్రం ట్యూషన్ మాఫీ అయి, నెలనెలా స్టైపెండ్ వస్తది. బీటెక్ అయినంక సీదా పీహెచ్‌డీకి అప్లై చేసుకోవచ్చు, మనకాడ చానామందికి ఇది తెల్వనే తెల్వదు. ఫండింగుతోని ఆఫరొస్తే ఏప్రిల్ 15 దాక ఆలోచించుకునే టైమిచ్చే ఒప్పందం ఉన్నది, చానా యూనివర్సిటీలు దానికి కట్టుబడి ఉంటయి. ఇయ్యాలనే చెప్పు, రేపే చెప్పు అంటే భయపడకు.

చెల్లె, కంది తమ్ముడు "చేత్తో కట్టిన" అన్నడు చూడు. నువ్వు ఏమన్న కట్టినవా?

లింగంపల్లి_ఈఈఈ | జూన్ 29, రాత్రి 10:25

పెద్దగా ఏమీ లేదన్నా. 3-2లో మినీ ప్రాజెక్టుకు 12 వోల్టుల నుంచి 24కు బూస్ట్ కన్వర్టర్ చేశాం. క్లాసులో చాలామంది అమీర్‌పేటలో ప్రాజెక్టు సెంటర్లలో రెడీమేడ్ కొనేశారు. మేం కోఠీ గుజరాతీ గల్లీలో సామాను తెచ్చుకుని మేమే కట్టాం. కానీ మొదట్లో స్విచ్‌గా వాడే మాస్‌ఫెట్లు కాలిపోతూనే ఉన్నాయి, ఐఆర్ఎఫ్540 రకం. ల్యాబ్ సార్ స్కోప్ (వోల్టేజీని గీతగా చూపే పరికరం) పెట్టి చూడమన్నారు. మాస్‌ఫెట్‌ను ఆన్ చేసే పిన్నును కూడా గేట్ అనే అంటారు. దానికిచ్చే గేట్ డ్రైవ్ 15 వోల్టులే, అయినా ఆన్ అయ్యే క్షణంలో 24 వరకు ఎగిరి ఊగుతోంది. గేట్ వైర్లు అరడుగు పొడవున విడివిడిగా వదిలేశాం. వాటిని కత్తిరించి, మెలిపెట్టి, మధ్యలో 10 ఓంల రెసిస్టర్ వేస్తే తగ్గింది. తర్వాత కాలలేదు. రివ్యూలో మాత్రం అవుట్‌పుట్ 24కు బదులు 22.8 వచ్చిందని మార్కులు తగ్గించారు. ఇది ఎస్‌ఓపీలో రాసే విషయం కాదేమో.

పాఠాల_మేడమ్ | జూన్ 30, ఉదయం 6:10

అమ్మా, నేను ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఈఈఈ చెప్తాను. ఎస్‌ఓపీలో రాయాల్సింది అదే. దాని చుట్టే మిగతాదంతా.

మా దగ్గరికి ఏటా అక్టోబరు, నవంబరుల్లో ఉత్తరాల కోసం పిల్లలు బారులు తీరతారు. చాలామంది ఉత్తరం రాసుకునే వస్తారు, సంతకమో అప్‌లోడో చేయమంటారు. నిరుడు ముగ్గురు పిల్లలు వేర్వేరు రోజుల్లో తెచ్చిన కాగితాల్లో రెండో పేరా అక్షరం తేడా లేకుండా ఒకటే ఉంది. ముగ్గురూ ఒకే చోట రాయించుకున్నారు. ఆ ముగ్గురూ ఒకే యూనివర్సిటీకి అప్లై చేసి ఉంటే చదివేవాళ్లు ముగ్గురినీ పక్కన పెట్టేవారు, పైగా నా సంతకానికి విలువ పోయేది. అప్పటినుంచి ఎవరొచ్చినా ఒకటే అడుగుతున్నాను. ఉత్తరం తేవద్దు, ఒక పేజీ రాసి తే. నా క్లాసులో, నా ల్యాబులో నువ్వు ఏం చేశావు, ఎక్కడ ఆగిపోయావు, ఎలా బయటపడ్డావు. సగంమంది మళ్లీ రారు. వచ్చిన సగానికి మంచి ఉత్తరం రాస్తాను, ఎందుకంటే రాయడానికి నా దగ్గర ఏదో ఉంటుంది.

నీ విషయంలో ఆ ఉత్తరం రాయాల్సింది స్కోప్ పెట్టి చూడమన్న ఆ ల్యాబ్ సార్. హెచ్‌ఓడీనో ప్రిన్సిపాల్‌నో వెతుక్కోవద్దు. ప్రిన్సిపాల్ "క్రమశిక్షణ గల విద్యార్థిని" అని రాస్తారు, అది అందరికీ రాసేదే. ఐఆర్ఎఫ్540 గేట్ 20 వోల్టులు దాటితే తట్టుకోలేదని, ఈ అమ్మాయి డేటాషీట్ తీసి ఆ సంఖ్య చూసిందని, వైర్లు మార్చిందని రాయగలిగింది ఆయన ఒక్కరే. పదవి చిన్నదైనా పరవాలేదు. ఆయనకు కాలేజీ ఈమెయిల్ ఉందో లేదో ఇప్పుడే కనుక్కో. సొంత జీమెయిల్ ఇస్తే కొన్ని యూనివర్సిటీలు మళ్లీ రుజువు అడుగుతాయి, అప్పుడు డిసెంబరు గడువు దగ్గర కంగారు పడతారు. పోర్టల్లో ఉత్తరం చూసే హక్కు వదులుకుంటావా అని అడుగుతారు, వదులుకున్నానని పెట్టు.

ఇక ఎస్‌ఓపీ. "చిన్నప్పటి నుంచి నాకు ఎలక్ట్రానిక్స్ అంటే ఆసక్తి" అని మొదలుపెట్టవద్దు. ఒక రేడియో విప్పానని కూడా వద్దు, అలాంటివి వాళ్లు రోజూ చదువుతారు. మాస్‌ఫెట్లు కాలడంతో మొదలుపెట్టు. ఏం కొలిచావు, ఏ సంఖ్య వచ్చింది, ఏం మార్చావు, మార్చాక ఏం వచ్చింది. ఇంకా తెలియనిది ఏం మిగిలింది. 22.8 ఎందుకు వచ్చిందో ఆలోచించావా? డయోడ్‌లో ఎంత పోయింది, ఇండక్టర్ తీగ నిరోధంలో ఎంత పోయింది? మార్కులు తగ్గించినవాళ్లు అడగని ప్రశ్న అది, నువ్వు వేసుకో. అక్కణ్నుంచి ఈ పని పెద్దఎత్తున జరిగే ఫలానా ల్యాబుకు ఎందుకు రావాలనుకుంటున్నావో చెప్పు. బ్యాక్‌లాగ్ గురించి నువ్వుగా సంజాయిషీ రాయకు. అడిగిన చోట ఒక వాక్యం చాలు.

నాకు కోపమొచ్చేది దేనికంటే, నీలాంటి పిల్లలు చేసిన అసలు పనిని "పెద్దగా ఏమీ లేదు" అనుకుంటారు. కొన్న ప్రాజెక్టుల వాళ్లు రెండు పేజీలు రాస్తారు. మీ రివ్యూ బోర్డు నీకు మార్కులు తగ్గించడం నాకు చాలా బాధగా ఉంది.

రెండో_గేట్ | జూన్ 30, ఉదయం 8:00

మేడమ్ చెప్పింది బాగుంది, కాదనను. కానీ ఎస్‌ఓపీ ఎంత బాగా రాసినా మన దగ్గర మామూలు ఎంటెక్‌కు కటాఫ్ కటాఫే. 7.6 సీజీపీఏతో విదేశాల్లో టాప్ ల్యాబ్ అని ఆశ పెట్టడం కూడా సరికాదనిపిస్తోంది.

పాఠాల_మేడమ్ | జూన్ 30, ఉదయం 8:35

ఆశ పెట్టడం లేదు. పెద్ద ల్యాబులు రెండు, మధ్యస్థంగా ఉన్నవి మూడో నాలుగో, తప్పకుండా వచ్చేవి ఒకటో రెండో పెట్టుకోవాలి. ఒక్కో అప్లికేషన్‌కు 75 నుంచి 100 డాలర్ల దాకా అవుతుంది కాబట్టి అంతకు మించవద్దు. మీరన్న కటాఫ్ నిజమే, అందుకే గేట్ కూడా రాయమంటున్నాను. కానీ ఆర్ఏ, ఎంటెక్ రీసెర్చ్ ఇంటర్వ్యూలకు ఆ బోర్డు ముందు నిలబెట్టేది ఈ అనుభవమే.

ఆఖెన్_నుంచి | జూన్ 30, మధ్యాహ్నం 3:30

ఉప్పల్ నుంచి వచ్చి జర్మనీలో చదువుతున్నాను. ముందు టెక్నికల్‌గా ఒక ప్రశ్న. ఆ 24 వోల్టులు కొలిచినప్పుడు ప్రోబ్ గ్రౌండ్ ఎలా పెట్టారు? ప్రోబుతో వచ్చే నల్ల వైరు, మొసలి క్లిప్పు ఉంటుంది కదా, అదే అయితే ఆ వైరు కూడా ఒక లూపే. దానికీ ఇండక్టెన్స్ ఉంటుంది. మీరు చూసిన ఊగుడులో కొంత గేట్‌ది, కొంత ప్రోబుదే అయి ఉండొచ్చు. క్లిప్పు తీసేసి, ప్రోబ్ కొస దగ్గరి లోహపు రింగుకు చిన్న తీగ చుట్టి నేరుగా మాస్‌ఫెట్ సోర్స్ పిన్నుకు తాకించి మళ్లీ కొలవండి. ఈ ఫీల్డులో ఇంటర్వ్యూ చేసేవాళ్లు మొదట అడిగేది ఇదే.

ఇప్పుడు జర్మనీ. ఇక్కడి పబ్లిక్ యూనివర్సిటీల్లో చాలావాటిలో ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో సెమిస్టర్‌కు 1,500 యూరోలు కట్టాలి, మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ 2024 శీతాకాలం సెమిస్టర్ నుంచి మనలాంటివాళ్ల దగ్గర ఫీజు తీసుకుంటోంది. ఖర్చుల కోసం ముందే డబ్బు వేసి ఉంచే బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపాలి, నెలకు 992 చొప్పున అవే మనకు తిరిగి వస్తాయి. 2022 నవంబరు నుంచి ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు కాగితాలు సరైనవేనని చూసి ఇచ్చేది) తప్పనిసరి. దానికి సమయం పడుతుంది కాబట్టి ముందే పెట్టాలి.

మన మార్కులను జర్మన్ గ్రేడులోకి మార్చే లెక్క: 10లో మీరు తెచ్చుకున్నది తీసేసి, ఆ తేడాను 10కీ పాస్ మార్కుకూ ఉన్న తేడాతో భాగించి, మూడుతో గుణించి ఒకటి కలపాలి. పాస్ మార్కు 5 అనుకుంటే 7.6కు 2.44 వస్తుంది. ఇక్కడ తక్కువ ఉంటే మంచిది. చాలా కోర్సులు 2.5 లోపు అడుగుతాయి, అంటే మీరు అంచున ఉన్నారు. 4-1, 4-2లో పెంచుకుంటే బాగుంటుంది. పర్సెంటేజీ అడిగిన చోట మాత్రం మన యూనివర్సిటీ సూత్రమే వాడండి, 0.5 తీసేసి 10తో గుణించడం. మీకు 71 వస్తుంది. అమెరికా వాళ్లకు 4 స్కేలులోకి మీరే మార్చి రాయొద్దు, మెమోలో ఉన్నది ఉన్నట్టే ఇవ్వండి.

ఇక్కడ ఎస్‌ఓపీ కంటే సిలబస్ ముఖ్యం. ఏ సబ్జెక్టు ఎన్ని క్రెడిట్లు చదివామో లెక్కపెట్టి చూస్తారు. రెగ్యులేషన్ సిలబస్ పుస్తకం పీడీఎఫ్ ఇప్పుడే దాచుకోండి. పవర్ ఎలక్ట్రానిక్స్ మంచి కోర్సులు కొన్ని జర్మన్‌లోనే ఉంటాయి, అది కూడా చూసుకుని రావాలి.

లింగంపల్లి_ఈఈఈ | జూలై 4, రాత్రి 8:50

ల్యాబ్ సార్‌ను అడిగి మళ్లీ కొలిచాను. పాత పొడుగు వైర్లే మళ్లీ పెట్టాం. మాస్‌ఫెట్ కాలకుండా పవర్ వైపు ఆపేసి గేట్ డ్రైవ్ ఒక్కటే ఆన్ చేశాం. క్లిప్పుతో 24 కనబడ్డ చోట, చిన్న తీగ చుట్టి కొలిస్తే 21 దగ్గర వచ్చింది. అంటే 3 వోల్టుల దాకా ప్రోబుదే. అయినా 20 దాటుతోంది. పొట్టి మెలిపెట్టిన వైర్లు, 10 ఓంల రెసిస్టర్‌తో 16కు అటూ ఇటూ. రెండు బొమ్మలూ పెన్‌డ్రైవ్‌లో సేవ్ చేసుకున్నాను.

సార్‌కు ఈ థ్రెడ్ చూపించాను. ఉత్తరం రాస్తానన్నారు. ఆయనకు కాలేజీ ఈమెయిల్ లేదు, ఆఫీసులో అడిగి తీసుకుంటానన్నారు.

ఎస్‌ఓపీ మొదటి పేరా ఇలా రాశాను, ఇంగ్లిష్‌లోకి తర్వాత మారుస్తాను: "మా బూస్ట్ కన్వర్టర్‌లో మాస్‌ఫెట్లు కాలిపోయాయి. డేటాషీట్ ప్రకారం గేట్ 20 వోల్టుల వరకే తట్టుకుంటుంది. 15 వోల్టుల డ్రైవ్‌తో 24 వరకు కనబడింది. ప్రోబ్ గ్రౌండ్ పొట్టిగా పెట్టి మళ్లీ కొలిస్తే 21. గేట్ వైర్లు మార్చి 16కు తెచ్చాం. పవర్ వైపు కూడా ఆన్‌లో ఉన్నప్పుడు ఈ సంఖ్య ఎంత మారుతుందో ఇంకా కొలవలేదు."

నాన్నతో కూర్చున్నాను. గేట్ రాస్తాను, ఐఐటీహెచ్ ఆర్ఏ, ఐఐఎస్సీ ఎంటెక్ రీసెర్చ్, మద్రాస్ ఎంఎస్‌లకు విడిగా పెడతాను. బయట దేశాలకు ఐదే, ల్యాబ్ చూసి ఎంచుకున్నవి. కన్సల్టెన్సీకి వద్దని చెప్పేశాం.

పాఠాల_మేడమ్ | జూలై 4, రాత్రి 9:30

చివరి వాక్యం అలాగే ఉంచు, ఎవరు చెప్పినా తీసేయకు. "మాస్‌ఫెట్లు కాలిపోయాయి" దగ్గర ఏ లోడు మీద కాలాయో చేర్చు. మిగతాది ముట్టుకోవద్దు. మీ సార్‌కు నా నమస్కారాలు చెప్పు.

కంది_ఎంటెక్ | జూలై 4, రాత్రి 10:05

గేట్ రిజిస్ట్రేషన్ ఆగస్టు చివర, సెప్టెంబరుల్లో తెరుస్తారు. మూడో సంవత్సరం నుంచే అర్హత ఉంది, మీకు ఇబ్బంది లేదు. సెప్టెంబరు నుంచి డిసెంబరు మధ్య దాకా అప్లికేషన్లకు వారంలో ఒక రోజు కేటాయించి మిగతాది గేట్‌కు ఇవ్వండి. జనవరి మొత్తం టెస్టులే. పవర్ ఎలక్ట్రానిక్స్, అనలాగ్, కంట్రోల్ ముందు పూర్తి చేస్తే ఇంటర్వ్యూకూ అవే పనికొస్తాయి. ఇండక్టర్ తీగ నిరోధం లెక్క వేసి చూడండి, బోర్డు మీద అడుగుతారు.

లింగంపల్లి_ఈఈఈ | జూలై 4, రాత్రి 10:20

చివరిగా ఒక్క డౌట్. డిసెంబరుకు నా దగ్గర కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజనల్ ఏవీ ఉండవు కదా, ఏం అప్‌లోడ్ చేయాలి? జీఆర్ఈ (విదేశీ పీజీ అడ్మిషన్లకు రాసే పరీక్ష) ఎప్పుడు రాయాలి?

ఈసీఐఎల్_అన్న | జూలై 4, రాత్రి 10:45

3-2 దాక సెమిస్టర్ మెమోలు అన్నీ ఒక్క పీడీఎఫ్ జేసి పెట్టు, అప్లికేషన్‌కు అవి నడుస్తయి. సప్లీ మెమో కూడ అండ్లనే పెట్టు, దాచకు. ఒరిజినల్ ట్రాన్స్‌క్రిప్ట్ అడ్మిషన్ వచ్చినంక అడుగుతరు. అప్పుడు కూకట్‌పల్లి యూనివర్సిటీల పెట్టుకోవాలె, సీల్డ్ కవర్లు రెండు మూడు ఎక్కువ తీసుకో.

జీఆర్ఈ 2023 సెప్టెంబరు నుంచి చిన్నగైంది, గంటా యాభై ఎనిమిది నిమిషాలే. స్కోరు అయిదేండ్లు నడుస్తది. కానీ నువ్వు ఎంచుకున్న అయిదింట్ల ఎన్ని అడుగుతున్నయో డిపార్ట్‌మెంట్ పేజీల సూడు, యూనివర్సిటీ పేజీల కాదు. ఒక్కటి కూడ అడగకపోతే రాయకు, ఆ పైసలు అప్లికేషన్లకు పెట్టుకో. అడిగితే ఆగస్టుల రాసెయ్, గేట్ చదువు మొదలుకాకముందే. పాస్‌పోర్టుల పేరు, మెమోల పేరు ఒక్కతీర్గ ఉన్నదా రేపు పొద్దున్నే సూస్కో. ఇంటిపేరు ముందు ఎన్క అయి ఉంటే ఇప్పుడే సరిజేయించుకో, వీసా టైముల అయితే నెలలు పడ్తది.